రంగుల ఆలాపన – కాండిన్‌స్కీ

చిత్రపటం ఎదుట నిలిచిన ప్రతివారూ మొట్టమొదట వేసే ప్రశ్న ఒకటే – అది దేని బొమ్మ అని. చెట్టో, పుట్టో, మనిషో, దేవతామూర్తియో కనిపిస్తే గాని మన కంటికి తృప్తి కలుగదు. సంగీత సభలో కూర్చున్నప్పుడు మాత్రం ఈ ప్రశ్న మనకు తోచదు. గాయకుడు కల్యాణి రాగాన్ని ఆలపిస్తూ ఉంటే అందులో మాట లేదు, కథ లేదు, వేలుపెట్టి చూపదగిన వస్తువేదీ లేదు. అయినా హృదయం ద్రవిస్తుంది. చెవికి ఉన్న ఈ స్వేచ్ఛ కంటికి ఎందుకు ఉండరాదని ప్రశ్నించుకొని, దాని సమాధానం కోసం మూడు దేశాలలో తన జీవితాన్ని వెచ్చించిన చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ.

వస్తురూపాన్ని విడిచి, కేవలం వర్ణంతోనూ రేఖతోనూ భావాన్ని పలికించే చిత్రకళను నైరూప్య చిత్రకళ అంటారు. కాండిన్‌స్కీని ఆ కళకు ఆద్యుడని చాలాకాలం చెప్పుకొన్నారు. స్వీడన్ దేశపు చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1906 నుంచే ఇటువంటి చిత్రాలను రచించినట్లు తరువాతి కాలంలో లోకానికి తెలిసింది. కనుక మొదటివాడు ఎవరన్న వాదం వదలివేయడమే మంచిది. కాండిన్‌స్కీ ఘనత మరొకచోట ఉంది. ఆయన వస్తువును విడిచిపెట్టడమే గాక, విడిచిన తరువాత చిత్రాన్ని నిలిపి ఉంచేది ఏది అని కడదాకా ఆలోచించాడు.

కాండిన్‌స్కీ 1866 డిసెంబరు 16న రష్యాలోని మాస్కో నగరంలో జన్మించాడు. తండ్రి తేయాకు వర్తకుడు, సైబీరియా ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1871లో కుటుంబం నల్లసముద్ర తీరంలోని ఒడెస్సాకు తరలింది. కొద్దికాలానికే తల్లిదండ్రులు విడిపోయారు. బాలుడి పెంపకం తల్లి సోదరి ఎలిజవేతా చేతిలో పడింది. ఆమె చెప్పిన జర్మన్ జానపద కథలతో ఆ భాష అతనికి పసితనంలోనే పరిచయమైంది. పియానో, చెల్లో వాద్యాలను అభ్యసించాడు. రంగులపై మక్కువ చిన్ననాటిదే అయినా చిత్రకళ జీవనవృత్తి కాగలదని అప్పట్లో ఎవరూ భావించలేదు. 1886లో మాస్కో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం చదవడానికి చేరాడు.

ఆ చదువే విచిత్రంగా ఆయనను కళవైపు నడిపించింది. 1889లో గ్రామీణుల సంప్రదాయ న్యాయపద్ధతులను పరిశీలించడానికి ఆయనను ఉత్తర రష్యాలోని వొలొగ్దా ప్రాంతానికి పంపారు. అక్కడి కోమీ ప్రజల నడుమ తిరుగుతూ ఒకరోజు ఒక కొయ్య ఇంట్లో అడుగుపెట్టాడు. గోడలు, బల్లలు, పెట్టెలు అన్నీ ముదురు రంగుల చిత్రణతో నిండి ఉన్నాయి. ఒక మూల దేవతా చిత్రపటాల ముందు ఎర్రని దీపం వెలుగుతోంది. తాను గదిలోకి గాక ఒక చిత్రం లోపలికే ప్రవేశించినట్లు ఆయనకు తోచింది. చూపరి బయట నిలబడి చూసేదిగా గాక, అతన్ని తనలోకి తీసుకొనేదిగా చిత్రం ఉండాలన్న ఆలోచనకు ఇక్కడ బీజం పడింది. న్యాయశాస్త్ర పరిశోధన కోసం వెళ్లినవాడు తెచ్చుకొన్న సంపద ఇది!

చదువు పూర్తయి, విశ్వవిద్యాలయంలోనే ఉద్యోగం లభించింది. 1892లో బంధువుల అమ్మాయి ఆన్నాను వివాహమాడాడు. జీవితం ఒక గాడిన పడిన ఆ దశలో మూడు సంఘటనలు ఆయనను కుదిపివేశాయి. మాస్కోలో జరిగిన ఫ్రెంచి చిత్రకళా ప్రదర్శనలో క్లోద్ మొనే చిత్రించిన గడ్డివాము చిత్రాన్ని చూశాడు. అది గడ్డివాము అని ఆయన గుర్తించలేకపోయాడు. ప్రదర్శన జాబితా చూసి తెలుసుకొని, చిత్రకారుడు ఇంత అస్పష్టంగా వేయవచ్చునా అని మొదట చిరాకుపడ్డాడు. కాని ఇంటికి వెళ్లిన తరువాత కూడా ఆ చిత్రం కళ్ల ముందు నుంచి తొలగలేదు. వస్తువు పోల్చుకోలేనిదై ఉండగా రంగుమాత్రమే ఇంతగా వశం చేసుకోగలదా అని ఆశ్చర్యం కలిగింది. బొల్షోయ్ థియేటర్‌లో వాగ్నర్ సంగీత రూపకం లోహెన్‌గ్రిన్ వింటూ ఉండగా వాద్యధ్వనులు రంగులై, రేఖలై కళ్లముందు కదలాడాయి. ఇక మూడవది విజ్ఞానశాస్త్రానికి సంబంధించినది. పరమాణువు అవిభాజ్యం కాదన్న వార్త విని, గట్టిదని నమ్మిన ప్రపంచమే కరిగిపోయినట్లు ఆయన కలవరపడ్డాడు. రాయి రాయి కానప్పుడు దాని రూపాన్ని యథాతథంగా చిత్రించడంలో సత్యమేమున్నది?

1896లో డోర్పాట్ విశ్వవిద్యాలయం ఆయనకు ఆచార్య పదవిని ఇవ్వజూపింది. అప్పటికి వయస్సు ముప్పయి సంవత్సరాలు. ఆయన ఆ పదవిని కాదని, చిత్రకళ నేర్చుకోవడానికి జర్మనీలోని మ్యూనిక్ నగరానికి బయలుదేరాడు. అధ్యాపకుడు కావలసినవాడు తనకంటె చిన్నవారి పక్కన విద్యార్థిగా కూర్చోవడానికి ఎంత మనోబలం కావాలో ఊహించవచ్చు. ఆంటన్ అజ్బె నడిపే చిత్రకళాశాలలో చేరి మానవదేహ చిత్రణను అభ్యసించాడు. తరువాత మ్యూనిక్ కళా అకాడమీలో ఫ్రాంజ్ ఫన్ స్టుక్ వద్ద చేరబోతే మొదట ప్రవేశం దొరకలేదు. 1900లో దొరికింది. ఈ శిష్యుడి రంగుల దూకుడు ఆ గురువుకు నచ్చలేదు. కొంతకాలం నలుపు తెలుపులలోనే పని చేసి రూపాన్ని సాధన చేయమని సలహా ఇచ్చాడు. రంగుకోసమే వచ్చినవాడు రంగును మానుకొని ఆ సలహాను పాటించాడు. కాండిన్‌స్కీ తెగువను మెచ్చుకొనే వారు ఈ క్రమశిక్షణను తరచు మరచిపోతారు.

1901లో కొందరు మిత్రులతో కలిసి ఫాలంక్స్ అనే సంఘాన్ని, దానికి అనుబంధంగా ఒక కళాశాలను ఆయన స్థాపించాడు. 1902లో అక్కడ విద్యార్థినిగా చేరిన గాబ్రియేల్ మ్యుంటర్ ఆయన జీవితంలో ప్రధాన పాత్ర వహించింది. ఆనాడు మ్యూనిక్ అకాడమీలో స్త్రీలకు ప్రవేశం లేదు. అందుచేత ఆమెవంటి ప్రతిభావంతులు ప్రైవేటు కళాశాలలను ఆశ్రయించవలసి వచ్చేది. భార్యకు దూరమైన కాండిన్‌స్కీ, మ్యుంటర్ కలిసి 1904 నుంచి 1908 వరకు దేశాలు తిరిగారు. ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీసియా ఎండవెలుగు, ఇటలీ సముద్రతీరం, పారిస్ సమీపంలోని సేవ్ర్ – ఒక్కొక్కచోట కొన్ని నెలలు గడిపారు. పారిస్‌లో మతీస్, అతని మిత్రులు రంగును వస్తువు నుంచి విడదీసి ధైర్యంగా వాడుతున్న కాలమది. ఆకాశం నీలంగానే ఉండాలన్న నియమం అక్కడ సడలిపోయింది.

1908 వేసవిలో వారిద్దరూ ఆల్ప్స్ పర్వతపాదంలోని ముర్నావ్ గ్రామానికి చేరారు. మరుసటి సంవత్సరం మ్యుంటర్ అక్కడ ఒక ఇల్లు కొన్నది. గ్రామస్థులు దానిని రష్యన్ల ఇల్లు అని పిలిచేవారు. ఆ ప్రాంతపు రైతులు అద్దం వెనుకవైపున చిత్రాలు వేసే సంప్రదాయం కలవారు. ముందువైపు నుంచి చూస్తే గాఢమైన నల్లని రేఖల మధ్య శుద్ధవర్ణాలు మెరుస్తాయి. మన తంజావూరు ప్రాంతంలోనూ ఈ తరహా అద్దపు చిత్రాలు ఉన్నాయి. ఆ జానపద కళను కాండిన్‌స్కీ శ్రద్ధగా నేర్చుకొన్నాడు. వొలొగ్దా ఇళ్లలో చూసిన రంగులు మరొక దేశపు పల్లెలో ఆయనకు మళ్లీ ఎదురయ్యాయి. ముర్నావ్ చిత్రాలలో కొండలు, చర్చి గోపురం, రైలుబండి ఇంకా ఉన్నాయి. అయితే అవి క్రమంగా రంగుల ముద్దలుగా కరిగిపోవడం మొదలుపెట్టాయి.

ఈ దశలోనే జరిగిన ఒక సంఘటనను ఆయన తన ఆత్మకథాత్మక రచనలో వివరించాడు. ఒక సంధ్యవేళ బయటినుంచి తన చిత్రశాలకు వచ్చి చూడగా గోడకు ఆనించిన ఒక అద్భుతమైన చిత్రం కనిపించింది. అందులో వస్తువేదీ లేదు. రంగులు మాత్రం లోపలి నుంచి వెలుగుతున్నాయి. దగ్గరకు వెళ్లి చూస్తే అది తాను వేసినదే, పక్కకు తిప్పి పెట్టి ఉన్నది! మర్నాడు పగటివెలుగులో అదే అనుభూతిని తిరిగి పొందాలని ప్రయత్నించాడు. సాధ్యపడలేదు. ఎలా తిప్పినా వస్తువులు గుర్తుకు వస్తూనే ఉన్నాయి. తన చిత్రాలకు వస్తువే అడ్డమని ఆనాడు ఆయనకు స్పష్టమైంది.

అయినా ఆయన వెంటనే వస్తువును తోసివేయలేదు. దానిని తీసివేస్తే ఆ స్థానంలో దేనిని నిలపాలన్న భయం ఆయనను వెంటాడింది. అర్థం లేని రంగుల కలయిక మెడకు కట్టుకొనే టై మీదనో, తివాచీ మీదనో ఉండే నగిషీగా దిగజారిపోగలదు. నైరూప్య చిత్రాన్ని వెక్కిరించేవారు ఈనాటికీ చెప్పే ఆక్షేపణ ఇదే. విశేషమేమంటే ఆ ఆక్షేపణను అందరికంటె ముందు తనకు తానే చేసుకొన్నవాడు కాండిన్‌స్కీ.

ఆ భయానికి సమాధానం వెతుకుతూ ఆయన కళలో ఆధ్యాత్మికతను గురించి ఒక చిన్న గ్రంథం రచించాడు. 1911 డిసెంబరులో అది వెలువడింది. కళాకారుడి అంతరంగంలో అనివార్యంగా పుట్టిన ప్రేరణ ఏదో అదే చిత్రానికి ప్రాణమని, దానినుంచి పుట్టని రూపం ఎంత అందమైనదైనా వ్యర్థమని అందులో ప్రతిపాదించాడు. పసుపు చూపరిమీదికి దూసుకువస్తుంది, నీలం లోలోపలికి లాగుతుంది అని వర్ణస్వభావాలను విశ్లేషించాడు. పసుపులో బాకా ధ్వనిని, లేత నీలంలో వేణునాదాన్ని, ముదురు నీలంలో చెల్లో గంభీర స్వరాన్ని విన్నాడు. భరతముని నాట్యశాస్త్రంలో శృంగారానికి శ్యామవర్ణం, హాస్యానికి తెలుపు, రౌద్రానికి ఎరుపు, అద్భుతానికి పసుపు అని రసాలకు రంగులు చెప్పిన సంగతి మన విద్యార్థులకు ఇక్కడ జ్ఞాపకం రావచ్చు. భరతుడు రసానికి రంగును నిర్ణయిస్తే, కాండిన్‌స్కీ రంగునుంచి భావానికి ప్రయాణించాడు. దారులు వేరైనా, వర్ణానికీ మనోభావానికీ సంబంధం ఉన్నదన్న నమ్మకం ఇద్దరిలోనూ ఉంది.

భారతదేశంతో కాండిన్‌స్కీ ఆలోచనలకు ఒక ప్రత్యక్ష సంబంధం కూడా ఉంది. మద్రాసు అడయారు కేంద్రంగా గల దివ్యజ్ఞాన సమాజపు రచనలను ఆయన ఆసక్తితో చదివాడు. మదనపల్లెలో కళాశాలను నెలకొల్పిన అనిబిసెంట్, ఆమె సహచరుడు లెడ్‌బీటర్ కలిసి మనోభావాలకు రంగులూ ఆకారాలూ ఉంటాయని బొమ్మలతో సహా వివరించిన గ్రంథం 1908లో జర్మన్ భాషలో వెలువడింది. దాని ప్రతి ఒకటి కాండిన్‌స్కీ వద్ద ఉండేది. ఆ సిద్ధాంతాలను ఆయన పూర్తిగా అంగీకరించాడని చెప్పలేము. కంటికి కనబడని దానికి రంగు ఉండగలదన్న ధైర్యం మాత్రం ఆయనకు అక్కడ దొరికింది.

1911 జనవరి 2న మ్యూనిక్‌లో ఆర్నల్డ్ షోన్‌బెర్గ్ సంగీత కచేరీ జరిగింది. అలవాటైన శ్రుతి నియమాలను కాదని నడిచిన ఆ సంగీతం చాలామందికి కర్ణకఠోరమైంది. కాండిన్‌స్కీకి మాత్రం తన అన్వేషణకు తోడు దొరికినట్లయింది. ఆ అనుభవాన్ని వెంటనే ఒక చిత్రంగా మలిచాడు. అందులో పియానోను తలపించే ఒక నల్లని ఆకారం, దానిని కమ్ముకొని వస్తున్న పసుపు వెల్లువ కనిపిస్తాయి. ఆ సంవత్సరాంతంలో ఆయన పెద్ద చిత్రాన్ని ఒకదానిని, తాను స్వయంగా స్థాపించిన చిత్రకారుల సంఘమే తిరస్కరించింది. ఆయన ఫ్రాంజ్ మార్క్, మ్యుంటర్‌లతో కలిసి బయటికి వచ్చి, డిసెంబరులోనే నీలి ఆశ్వికుడు అనే పేరుతో వేరుగా ప్రదర్శన ఏర్పాటు చేశాడు. ఐరోపా కళాచరిత్రలో ఆ పేరు స్థిరపడిపోయింది.

తన చిత్రాలను ఆయన మూడు తెగలుగా విభజించాడు. బాహ్యప్రకృతి ముద్రను పట్టుకొన్నవి ఇంప్రెషన్లు, అంతరంగం నుంచి అప్పటికప్పుడు పొంగినవి ఇంప్రొవైజేషన్లు, దీర్ఘకాలం ఆలోచించి కూర్చినవి కంపోజిషన్లు. సంగీత పరిభాష నుంచి తెచ్చుకొన్న ఈ పేర్లలో చివరి పేరుకు తగినవి జీవితం మొత్తంమీద పదే వేశాడు. 1913 నవంబరులో వేసిన ఏడవ కంపోజిషన్ రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు గలది. దానికోసం ముప్పయికి పైగా చిత్తుచిత్రాలు వేసుకొన్నాడు. అసలు చిత్రాన్ని మాత్రం నాలుగే రోజులలో ముగించాడు. మ్యుంటర్ ఆ నాలుగు రోజులూ దశలవారీగా ఛాయాచిత్రాలు తీసింది. చూసేవారికి కల్లోలంగా కనబడే ఆ చిత్రం వెనుక ఎంత ప్రణాళిక ఉన్నదో వాటివల్ల తెలుస్తుంది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. రష్యా పౌరుడైన కాండిన్‌స్కీ జర్మనీలో రాత్రికి రాత్రే శత్రుదేశీయుడయ్యాడు. చిత్రాలను, పుస్తకాలను, పద్దెనిమిదేళ్ల జీవితాన్ని విడిచిపెట్టి స్విట్జర్లాండ్ వెళ్లి, అక్కడినుంచి బాల్కన్ దేశాల మీదుగా మాస్కో చేరాడు. ఫ్రాంజ్ మార్క్ జర్మన్ సైనికుడిగా 1916లో వెర్డన్ వద్ద నేలకొరిగాడు. కాండిన్‌స్కీ, మ్యుంటర్ చివరిసారిగా స్టాక్‌హోమ్‌లో 1916లో విడిపోయారు. ఆయన తిరిగి వస్తాడని ఆమె ఎదురుచూసింది. ఆయన 1917 ఫిబ్రవరిలో మాస్కోలో నీనాను వివాహమాడాడు. గొప్ప కళాకారుల జీవితాలలో ఇతరులు చెల్లించిన మూల్యం ఉంటుంది. ఈ కథలో ఆ మూల్యాన్ని చెల్లించినది మ్యుంటర్.

అదే సంవత్సరం రష్యాలో విప్లవం వచ్చింది. ఆయన ఆస్తి పోయింది. 1920లో మూడేళ్లయినా నిండని కుమారుడు మరణించాడు. ఆ దుఃఖాన్ని గురించి దంపతులు బయట మాట్లాడలేదు. కొత్త ప్రభుత్వంలో మ్యూజియంల ఏర్పాటు, కళావిద్య వంటి బాధ్యతలు స్వీకరించి కాండిన్‌స్కీ ఎంతో శ్రమించాడు. కుంచె పట్టే తీరిక తక్కువైంది. అయితే మలేవిచ్, రోద్చెంకో మొదలైన రష్యన్ చిత్రకారుల జ్యామితీయ రూపాలు ఆయన దృష్టిని మార్చాయి. చెదిరిన మేఘాలవంటి ఆయన చిత్రాలలోకి వృత్తమూ, సరళరేఖా ప్రవేశించాయి. విచిత్రమేమంటే, ప్రభావం చూపిన ఆ యువకులే ఆయన మార్గాన్ని తిరస్కరించారు. కళ సమాజ నిర్మాణానికి పనిముట్టు కావాలని, అంతరంగం గురించిన మాటలు పాతబడినవని వారి అభిప్రాయం. జన్మభూమిలో తనకు చోటు లేదని గ్రహించి 1921 డిసెంబరులో ఆయన మళ్లీ జర్మనీ చేరాడు.

1922లో గ్రోపియస్ ఆహ్వానంపై వైమార్ నగరంలోని బౌహౌస్ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. ముప్పయ్యవ ఏట వద్దనుకొన్న బోధన యాభై అయిదేళ్ల వయస్సులో ఇలా వెతుక్కొంటూ వచ్చింది. ఆ డిసెంబరులోనే, శాంతినికేతనంలో బోధిస్తున్న స్టెల్లా క్రామ్రిష్ చొరవతో కలకత్తాలో జరిగిన ప్రదర్శనకు బౌహౌస్ కళాకారుల చిత్రాలు వచ్చాయి. కాండిన్‌స్కీ చిత్రాలను భారతీయులు ఆనాడే, మన చిత్రకారుల చిత్రాల సరసన చూడగలిగారు.

బౌహౌస్‌లో ఆయన బోధన ప్రయోగశాలను తలపించేది. త్రిభుజం, చతురస్రం, వృత్తం – వీటికి పసుపు, ఎరుపు, నీలాలలో ఏది దేనికి తగునో చెప్పమని అందరికీ ప్రశ్నాపత్రం పంచాడు. త్రిభుజానికి పసుపు, చతురస్రానికి ఎరుపు, వృత్తానికి నీలం తగినవని ఆయన నిర్ణయం. ఈ నియమం అందరికీ అన్వయిస్తుందని నాకు తోచదు. నియమం ఉండి తీరాలని ఆయన పడిన తపన మాత్రం గౌరవించదగినది. నగిషీగా మిగిలిపోతుందేమోనన్న పాత భయానికి ఇది ఆయన వెతుక్కొన్న రెండవ సమాధానం. సంగీతానికి స్వరశాస్త్రం ఉన్నట్లే చిత్రానికీ ఒక వ్యాకరణం ఉంటే, వస్తువు లేని చిత్రమూ అర్థవంతంగా నిలుస్తుంది. 1926లో ప్రచురించిన గ్రంథంలో బిందువు, రేఖ, తలం అనే మూడింటితో ఆ వ్యాకరణాన్ని రచించాడు. వైమార్ నుంచి 1925లో కళాశాల డెసౌ పట్టణానికి మారింది. అక్కడ పొరుగింటిలో పాల్ క్లే ఉండేవాడు. ఆ మిత్రుల సాంగత్యంలో గడిచిన ఆ సంవత్సరాలలోనే నల్లని ఆకాశంలో గ్రహాలవలె తేలియాడే అనేక వృత్తాల చిత్రం వెలువడింది. 1928లో ఆయన జర్మన్ పౌరుడయ్యాడు.

ఆ పౌరసత్వం రక్షణ ఇవ్వలేదు. నాజీల ప్రాబల్యంలోని డెసౌ నగరపాలక సభ 1932లో కళాశాలను మూయించింది. బెర్లిన్‌లో కొనసాగించిన ప్రయత్నం 1933లో ముగిసింది. ఆ డిసెంబరులో కాండిన్‌స్కీ దంపతులు పారిస్ శివారులోని నయ్యీలో, సేన్ నదికి ఎదురుగా ఉన్న చిన్న వాటాలో చేరారు. జర్మన్ మ్యూజియంలలోని ఆయన చిత్రాలు 57 జప్తు అయ్యాయి. 1937లో మ్యూనిక్‌లో, ఆయన చిత్రకారుడిగా పుట్టిన ఆ నగరంలోనే, పతనమైన కళ అని ముద్రవేసి కొన్నింటిని పరిహాసం కోసం ప్రదర్శించారు.

అరవై ఏడేళ్ల వయస్సులో మూడవసారి మొదలుపెట్టవలసి వచ్చినవాడు పాత బాణీనే పట్టుకొని ఉంటే ఎవరూ తప్పుపట్టరు. కాండిన్‌స్కీ అలా చేయలేదు. జీవశాస్త్ర గ్రంథాలలోని సూక్ష్మజీవుల, పిండాల చిత్రాలను ఆసక్తితో పరిశీలించాడు. జ్యామితి కాఠిన్యం సడలి, కదిలే జీవకణాలవంటి రూపాలు, లేత గులాబీ, ఊదా, ఆకుపచ్చ రంగులు చిత్రాలలో మెదలసాగాయి. 1940లో ఫ్రాన్సును జర్మన్ సైన్యాలు ఆక్రమించిన సంవత్సరంలోనే ఆకాశనీలం అనే చిత్రాన్ని వేశాడు. నీలాకాశంలో చిన్నచిన్న వింతప్రాణులు నిర్భయంగా తేలుతూ ఉంటాయి. యుద్ధకాలపు కొరతవల్ల పెద్ద కాన్వాసులు దొరకక అట్టలమీద, చెక్కపలకలమీద చిత్రించాడు. పారిస్ నగరం విముక్తమైన కొద్ది నెలలకు, 1944 డిసెంబరు 13న నయ్యీలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన ఫ్రెంచి పౌరుడు.

1914లో ఆయన మ్యూనిక్‌లో విడిచివెళ్లిన చిత్రాలపై చాలాకాలం వివాదం నడిచి, 1926లో కొన్ని ఆయనకు చేరాయి. మిగిలినవి మ్యుంటర్ వద్దనే ఉండిపోయాయి. నాజీల కాలంలో ఆమె వాటిని ముర్నావ్ ఇంటి నేలమాళిగలో దాచింది. పట్టుబడితే ప్రమాదమని తెలిసీ, యుద్ధానంతరం పేదరికంలోనూ ఆ నిధిని కాపాడుకొన్నది. 1957లో, తన ఎనభయ్యవ జన్మదినాన, ఆ చిత్రాలన్నింటినీ మ్యూనిక్ నగరంలోని లెన్‌బాఖ్ మ్యూజియానికి దానం చేసింది. పియానోపైకి పొంగివచ్చిన ఆ పసుపు వెల్లువ ఈనాడు ఆ మ్యూజియం గోడమీదనే ఉంది.